తెల్లవారుజాము చలి, పసిబిడ్డ వెచ్చదనం

పుట్టిన బిడ్డకు మొదట కావలసినవి ఊపిరి, పాలు, వెచ్చదనం. ఊపిరి సంగతి అందరూ చూస్తారు. పాల సంగతి అడిగి మరీ తెలుసుకుంటారు. వెచ్చదనాన్ని మాత్రం చాలా ఇళ్లలో దుప్పటికి వదిలేస్తారు. దుప్పటి కప్పాం కదా, ఇక భయం లేదని నిద్రపోతారు. కానీ దుప్పటికి సొంతంగా వేడి ఉండదు. లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపడం ఒక్కటే దాని పని. పెద్దవాళ్ల ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది కాబట్టి దుప్పటి కప్పుకోగానే వెచ్చబడతారు. అప్పటికే చల్లబడిపోయిన పసిబిడ్డ మీద రెండు దుప్పట్లు కప్పినా, నాలుగు కప్పినా, ఆ బిడ్డ తనంతట తాను త్వరగా వెచ్చబడదు. చల్లబడిన బిడ్డకు వేడి బయటి నుంచి అందాలి. ఆ వేడి ఇవ్వడానికి తల్లి ఒంటిని మించినది లేదు.

తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ సుమారు 37 డిగ్రీల వెచ్చదనంలో పెరుగుతుంది. బయటికి వచ్చేసరికి ఒళ్లంతా తడి, చుట్టూ చల్లగాలి. శరీరం చూస్తే చిన్నది. ఆ చిన్న శరీరపు బరువుతో పోలిస్తే చర్మం చాలా ఎక్కువ. బిందెడు నీళ్లకంటే గ్లాసుడు నీళ్లు ముందు చల్లారతాయి, ఇక్కడా జరిగేది అదే. పైగా చర్మం కింద కొవ్వు పొర పలచన. తల పెద్దది, మొత్తం పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. తడి జుట్టుతో ఉన్న ఆ తల నుంచి వేడి చాలా పోతుంది.

చలి వేస్తే పెద్దవాళ్లు వణుకుతారు. ఆ వణుకే కండరాల్లో వేడి పుట్టిస్తుంది. పసిబిడ్డకు అలా వణకడం దాదాపు రాదు. అందుకు బదులుగా మెడ చుట్టూ, వీపు మీద రెక్కల ఎముకల మధ్య, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు కొంచెం దాచుకుని పుడుతుంది. చలి తగిలితే ఆ కొవ్వు ఖర్చయి వేడి పుడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ కొవ్వు చేరే వ్యవధే ఉండదు. నెలలు నిండిన బిడ్డకైనా ఆ నిల్వ కొద్దిగానే ఉంటుంది. అది ఖర్చవాలంటే ప్రాణవాయువు కావాలి, ఒంట్లో చక్కెర కావాలి. చలి ఎక్కువసేపు ఉంటే రెండూ తరుగుతాయి. అప్పుడు బిడ్డ నీరసపడి పాలు సరిగా చప్పరించదు. పాలు పడకపోతే శక్తి ఉండదు, శక్తి లేకపోతే ఒళ్లు ఇంకా చల్లబడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. చలికి ఇబ్బంది పడుతున్న పసిబిడ్డ ఏడ్చి చెబుతుందని అనుకోకూడదు. బాగా చల్లబడిన బిడ్డ ఏడవదు, కదలదు, నిద్రపోతున్నట్టే ఉంటుంది. ‘ఇవాళ రాత్రంతా ఒక్కసారి కూడా లేవలేదు, హాయిగా పడుకుంది’ అని ఇంట్లో వాళ్లు సంతోషిస్తారు. చలికాలంలో, అందులోనూ పుట్టి కొద్ది రోజులే అయిన బిడ్డ విషయంలో, ఆ నిశ్శబ్దం మంచి గుర్తు కాకపోవచ్చు. ఏడుపు కోసం ఎదురుచూడకుండా తాకి చూడాలి.

రాత్రిళ్లలోనూ అసలు గండం తెల్లవారుజామున. రాత్రి తొమ్మిదింటికి బిడ్డను పడుకోబెట్టేటప్పుడు ఇల్లు ఇంకా పగటి వేడితోనే ఉంటుంది. వంట చేసిన వెచ్చదనం కూడా ఉంటుంది. అప్పుడు కప్పిన గుడ్డ సరిపోయిందనిపిస్తుంది. మూడు, నాలుగు గంటలయ్యేసరికి సంగతి వేరు. ఆదిలాబాద్, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కిందికి దిగడం ఏటా చూసేదే. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి, లంబసింగి, పాడేరు వైపు చలి అంతకంటే ఎక్కువ. రేకుల ఇంట్లో ఉండేవాళ్లకు మరీ కష్టం. పగలు కాలిన రేకు రాత్రి అంతే త్వరగా చల్లబడుతుంది. కిటికీలన్నీ మూసినా పైకప్పు నుంచి చలి దిగుతూనే ఉంటుంది. ఈలోగా బిడ్డ రెండుసార్లు పక్క తడిపి ఉంటుంది, కాళ్లు ఆడించి గుడ్డ తన్నేసి ఉంటుంది. తల్లి పగలంతా అలసి ఆ వేళకే గాఢంగా నిద్రపోతుంది. చలి పెరగడం, పక్క తడవడం, తల్లి నిద్ర, మూడూ ఒకే వేళకు కలుస్తాయి. అందుకే పడుకోబెట్టేటప్పుడు ఒకసారి చూసుకుంటే చాలదు. తెల్లవారుజామున మరోసారి చూడాలి.

బిడ్డ ఒంట్లోంచి వేడి పోవడానికి దారులు నాలుగు. తడి ఆరేటప్పుడు వేడిని వెంట తీసుకుపోతుంది, తడిసిన పక్కగుడ్డ చేసేది ఇదే. చల్లని వస్తువును ఆనుకుంటే వేడి అందులోకి పోతుంది, అంటే కటిక నేల, బండలు, తడిసిన రబ్బరు షీటు. గాలి వీస్తే గాలితో పోతుంది. తలుపు సందులోంచి వచ్చే ఈదురుగాలి ఒక్కటే కాదు, పైన తిరిగే ఫ్యాను కూడా ఆ లెక్కలోదే. నాలుగోది చాలామందికి తోచనిది. బిడ్డను దేనికీ ఆనించకపోయినా, గాలి వీయకపోయినా, పక్కనే చల్లని గోడ ఉంటే బిడ్డ వేడి ఆ గోడకు పోతూనే ఉంటుంది. బయటి వైపు గోడ పక్కన, కిటికీ కింద ఉయ్యాల కట్టకూడదనేది అందుకే.

నులక మంచం సంగతి విడిగా చెప్పాలి. పైన ఎంత కప్పినా, మంచం కింది నుంచి నులక సందుల్లోంచి చల్లగాలి వీపుకు తగులుతుంది. చీరతో కట్టిన ఉయ్యాలకూ ఇదే లోపం. వీపు కింద ఒకటే గుడ్డ, అదీ పలచనిది. చలికాలంలో బిడ్డ మీద కప్పేదానికంటే బిడ్డ కింద పరిచేది ముందు చూసుకోవాలి. మంచం మీద మందపాటి బొంత పరిచి, దాన్ని ముడతలు లేకుండా గట్టిగా సర్ది, పైన పొడి నూలుగుడ్డ వెయ్యాలి. పరుపు మరీ మెత్తగా, బిడ్డ ముఖం దిగబడేట్టు ఉండకూడదు.

ఇక తాకి చూడటం. దీనికి యంత్రం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. ముందు చూసేవాళ్ల చెయ్యి పొడిగా, వెచ్చగా ఉండాలి. అప్పుడే గిన్నెలు కడిగి వచ్చిన చేతితో చూస్తే ఏమీ తెలియదు. రెండు అరచేతులూ రుద్దుకుని, అరచెయ్యి కాకుండా చేతి వెనుక భాగాన్ని బిడ్డ పొట్టకు ఆనించాలి. కొద్ది క్షణాలు అలాగే ఉంచాలి. తర్వాత అదే చేతిని అరికాలికి ఆనించాలి. పొట్ట వెచ్చగా ఉండి, పాదాలూ వెచ్చగా ఉంటే బిడ్డ బాగుంది. పొట్ట వెచ్చగా ఉండి, పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పెనుగులాడుతోంది. తన వేడిని లోపలి అవయవాలకు దాచుకుంటోంది. వెంటనే వెచ్చదనం అందించాలి. పొట్టా చల్లగా ఉండి, పాదాలూ చల్లగా ఉంటే అది ప్రమాదం. మరోసారి చెప్పుకుందాం. పొట్ట, పాదాలు. రెండూ వెచ్చగా ఉంటే మంచిది. పాదాలు మాత్రమే చల్లగా ఉంటే హెచ్చరిక. రెండూ చల్లగా ఉంటే ఆపద. చేతివేళ్లు పట్టుకుని నిర్ణయించకూడదు, బాగున్న బిడ్డకు కూడా వేళ్లు కాస్త చల్లగా ఉండటం మామూలే.

థర్మామీటరు ఉంటే చంకలో పెట్టి చూడవచ్చు. 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య, అంటే ఫారెన్‌హీట్‌లో 97.7 నుంచి 99.5 మధ్య ఉండాలి. ఆశా కార్యకర్త సంచిలో థర్మామీటరు ఉంటుంది. బిడ్డ పుట్టాక ఆరు వారాల్లోపు ఆమె ఆరుసార్లు ఇంటికి రావాలి, కాన్పు ఇంట్లోనే జరిగితే మొదటి రోజున మరోసారి. 2011 నుంచి దేశమంతా అమలవుతున్న ఏర్పాటు ఇది. దీనికి మూలం తెలుగు నేలకు ఆనుకుని, ప్రాణహితకు అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలిలో ఉంది. అక్కడ వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణి బంగ్ పల్లెటూరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. ఆ ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి బిడ్డను తాకి చూశారు, తూకం వేశారు, వెచ్చగా చుట్టడం చూపించారు, జబ్బు గుర్తులు పట్టి మందు ఇచ్చారు. నెలలోపు శిశువుల మరణాలు ఆ ఊళ్లలో అరవై శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వారు వెల్లడించారు. ఆ సంరక్షణలో చాలా భాగం ఇంట్లోనే, గుడిసెలోనే, తల్లి చేతుల మీదుగానే జరిగిన పని.

వెచ్చదనం ఇవ్వడంలో మొదటి స్థానం తల్లి గుండెలది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గర్ రే అనే వైద్యుడికి ఒక ఇబ్బంది ఎదురైంది. ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లలు ఎక్కువ, వాళ్లను వెచ్చగా ఉంచే పెట్టెలు తక్కువ. ఆయన బిడ్డలను తల్లుల గుండెలకే కట్టించారు. అదే ఇవాళ కంగారూ మదర్ కేర్ పేరుతో మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా నేర్పుతున్న పద్ధతి. పెట్టెలు లేక మొదలైన ఈ పద్ధతి, పెట్టెలున్న చోట కూడా మేలేనని తర్వాత తేలింది. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల ఆసుపత్రుల్లో బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల మీద జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. బిడ్డ నిలకడపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి గుండెలకు చేర్చినప్పుడు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఆ మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని సిఫారసు చేసింది.

చేసే తీరు ఇది. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటీ తప్ప ఒంటి మీద ఏమీ ఉంచకూడదు. తల్లి జాకెట్టు ముందు గుండీలు విప్పి, బిడ్డను రెండు రొమ్ముల మధ్య నిలువుగా, ఛాతీకి ఛాతీ ఆనేట్టు పెట్టుకోవాలి. బిడ్డ తల ఒక పక్కకు తిరిగి ఉండాలి. గడ్డం ఛాతీకి నొక్కుకుపోకుండా కొంచెం పైకి ఎత్తి ఉండాలి. ముక్కు, నోరు కనిపిస్తూ ఉండాలి. కాళ్లు కప్ప కాళ్లలా మడిచి ఉండాలి. మెత్తని నూలు చీరతోనో, పొడవాటి చున్నీతోనో బిడ్డ చెవి దాకా వచ్చేట్టు ఒంటికి చుట్టి కట్టి, పైన శాలువా కప్పుకోవాలి. రాత్రిపూట తల్లి పూర్తిగా వెల్లకిలా కాకుండా, వీపు వెనక దిండ్లు పెట్టుకుని ఏటవాలుగా జారగిలబడాలి. సోఫాలోనో కుర్చీలోనో బిడ్డను పట్టుకుని నిద్రలోకి జారుకోవడం మాత్రం ప్రమాదం, బిడ్డ సందులోకి జారిపోవచ్చు. తల్లికి నిద్ర ఆగనప్పుడు తండ్రి ఆ పని తీసుకోవచ్చు. అమ్మమ్మ తీసుకోవచ్చు. మగవాడి గుండె మీద బిడ్డ వెచ్చబడదనేది ఒట్టి అపోహ.

పొత్తిళ్ల విషయానికి వస్తే, ఒక మందపాటి గుడ్డకంటే రెండు మూడు పలచని గుడ్డలు మేలు. పొరల మధ్య నిలిచిన గాలి వేడిని ఆపుతుంది. ఒంటికి ఆనేది మెత్తని నూలుగుడ్డ, ఊలు దాని పైన. అదే గదిలో పెద్దవాళ్లకు ఎన్ని పొరలు హాయిగా ఉంటాయో బిడ్డకు దానికి ఒక పొర ఎక్కువ చాలు. కాళ్లు చాచి బిగించి కట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది మానుకోవాలి. తుంటి కీళ్లకు అది మంచిది కాదు, ఛాతీ బిగిస్తే ఊపిరికీ ఇబ్బందే. కాళ్లు లోపల మడుచుకుని ఆడించుకునేంత వదులుండాలి. బిడ్డ బోర్లా తిరగబోయే వయసు వచ్చిందంటే చేతులు కలిపి చుట్టడం ఆపెయ్యాలి.

కప్పిన గుడ్డ ఛాతీ వరకే రావాలి. అంచులు పరుపు కిందికి దోపాలి. చేతులు దుప్పటి పైన ఉంటే అది ముఖం మీదికి పాకదు. ముఖం మీద గుడ్డ కప్పకూడదు, ఎంత పలచనిదైనా. చలి అని చెప్పి పెద్దవాళ్ల రగ్గులోకే బిడ్డను లాక్కుని పడుకునే ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బిడ్డకు విడిగా కప్పాలి. తల్లి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, కానీ తన పక్క తనకు ఉండేట్టు పడుకోబెట్టాలి. మద్యం తాగినవాళ్లు, పొగతాగే అలవాటున్నవాళ్లు బిడ్డతో ఒకే పక్క మీద పడుకోకూడదు. పడుకోబెట్టడం ఎప్పుడూ వెల్లకిలాగానే. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో ఈ ఒక్క మాటను ఇంటింటికీ చేర్చారు. నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలు ఆ తర్వాతి ఏళ్లలో సగానికి సగం తగ్గాయి.

టోపీ విషయంలో కొంచెం విచక్షణ కావాలి. పుట్టిన కొత్తలో, బరువు తక్కువగా ఉన్న బిడ్డకు, చలి ఇంట్లో టోపీ కావాలి. అది తలకు సరిపోవాలి, గొంతు కింద కట్టే దారాలు ఉండకూడదు. నెలలు గడిచి పుష్టిగా ఉన్న బిడ్డకు వెచ్చని గదిలో నిద్రపోయేటప్పుడు టోపీ అక్కర్లేదు. ఎక్కువైన వేడి తల నుంచే బయటికి పోవాలి. కాన్పు సాయానికి అమెరికా, కెనడా వెళ్లే అమ్మమ్మలు అక్కడ హీటరు నడిచే గదిలో కూడా మనవడికి స్వెటరు, టోపీ, రగ్గు వేస్తుంటారు. బయట మంచు కురుస్తున్నా గది లోపల చలి ఉండదు. అక్కడ చేతులు బయట ఉండే సంచిలాంటి నిద్రదుస్తులు దొరుకుతాయి. తన్నేసినా జారవు, ముఖం మీదికి రావు. దుప్పటికంటే అవి మంచివి.

తడి గురించి మళ్లీ చెప్పక తప్పదు. చలి రాత్రిలో తడిగుడ్డ చేసే హాని అంతా ఇంతా కాదు. పాలిచ్చిన ప్రతిసారీ గుడ్డ తడిమి చూడాలి. మార్చే గుడ్డలు ముందే తల్లి దుప్పటి కింద పెట్టుకుంటే వెచ్చగా ఉంటాయి. పాలు కూడా వెచ్చదనమే. రొమ్ముపాలు రాత్రిపూట ఆపకూడదు. రాత్రీ పగలూ కలిపి కనీసం ఎనిమిదిసార్లు పట్టాలి. చిన్న బిడ్డ లేవకపోతే లేపి పట్టాలి.

స్నానం పుట్టిన రోజున వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కనీసం 24 గంటలు ఆగమని. బరువు రెండు కిలోలు దాటని బిడ్డకు అసలు స్నానం చేయించకుండా గోరువెచ్చని గుడ్డతో తుడవడమే మంచిది. నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని, చెంబులతో నీళ్లు పోసే తలంటు మన ఇళ్ల ముద్దు. అది బిడ్డ నిలదొక్కుకున్నాక, ఎండ పడే వేళ, తలుపులు మూసిన గదిలో, త్వరగా ముగించాలి. సాయంత్రం పొద్దుగూకాక కూడదు. తల తడి ఆరకుండా పడుకోబెట్టకూడదు. తల ఆరడానికి సాంబ్రాణి పొగ వేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పొగ ఇచ్చే వేడి కొంచెమే, అది పసి ఊపిరితిత్తులకు చేసే చేటు ఎక్కువ. పొడి తువ్వాలుతో తల అద్ది, టోపీ పెడితే చాలు.

అన్నిటికంటే భయపడాల్సింది బొగ్గుల కుంపటికి. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ రావడం లేదు కదా, నిప్పులు ఎర్రగా ఉన్నాయి కదా అనుకుంటే మోసపోతాం. ఆ వాయువు రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. బాలింత, బిడ్డ, తోడు పడుకున్నవాళ్లు నిద్రలోనే పోతారు. మంచం కింద కుంపటి పెట్టే ఆచారం పెద్దలు చెప్పినదైనా సరే, వదిలెయ్యాలి. గది వేడి చెయ్యాలంటే పడుకునే ముందే నిప్పు పెట్టి, కుంపటి బయట పెట్టేసి, గదిలో గాలి మారాక, అప్పుడు పడుకోవాలి. వేడినీళ్ల సీసా కూడా పక్క వెచ్చబెట్టడానికే. బిడ్డను పడుకోబెట్టే ముందు దాన్ని తీసెయ్యాలి. పసి చర్మం ఇట్టే కాలుతుంది.

వేడి మరీ ఎక్కువైనా కీడే. మెడ వెనక, ఛాతీ మీద చెమట పట్టినా, ముఖం కందినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, పొట్ట కాలిపోతున్నట్టు ఉన్నా ఒక పొర తీసెయ్యాలి. కొద్దిసేపటికి తగ్గకపోతే అది జ్వరం కావచ్చు, డాక్టరుకు చూపించాలి. ఫిబ్రవరి దాటాక కూడా పురిటి గదిలో స్వెటర్లు కొనసాగించే ఇళ్లలో చెమటకాయలు లేచిన పిల్లలు కనిపిస్తారు. చలికి ఎంత జాగ్రత్తో, ఎండలు మొదలయ్యాక అంత విడుపు.

పొట్టా పాదాలూ రెండూ చల్లగా ఉన్నా, బిడ్డ పాలు చప్పరించకపోయినా, తట్టినా లేవకపోయినా, ఏడుపు బలహీనంగా ఉన్నా, తెల్లారనిద్దాం అని ఆగకూడదు. 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోపే బిడ్డ తడిగుడ్డలు తీసేసి, తల్లి గుండెలకు చేర్చి కట్టాలి. చప్పరించగలిగితే పాలు పట్టాలి. వాహనంలో కూడా బిడ్డను విడిగా పడుకోబెట్టకుండా, తల్లి ఒంటికి ఆనించుకునే ఆసుపత్రి దాకా తీసుకెళ్లాలి. తల్లి రాలేని స్థితిలో ఉంటే తండ్రి గుండెకు కట్టుకుని బయలుదేరాలి.